గుంత తవ్వించిందెవరు

ఆస్పత్రి వరండాలో కాజాలక్క నేలమీద కూలబడి ఉంది. ఏడేళ్ల కూతురు పోయి రెండు గంటలు కూడా కాలేదు. లోపల మా వీధివాళ్లు ఇంకా పదకొండు మంది వాంతులతో, విరేచనాలతో మంచానికి ఇద్దరు చొప్పున పడి ఉన్నారు. అప్పుడొచ్చాడు నీటి విభాగం ఇంజనీరు, చేతిలో ఒక కాగితంతో. ఓదార్చడానికి వచ్చాడనుకున్నాం. మా అమాయకత్వం తగలెయ్య!

"ఇంటిముందు కొళాయికి గుంత తవ్వింది నువ్వేగా?" అన్నాడు.

"నేనేనయ్యా," అంది కాజాలక్క.

"అందులో మురుగు చేరింది. అదే తాగారు. మా నీళ్లలో ఏ దోషమూ లేదు, పరీక్ష చేయించాం. గుంత నేనే తవ్వానని ఇక్కడ సంతకం పెట్టు."

అక్క పెన్ను తీసుకుంది. పెట్టేసేదే. బిడ్డను తన చేతులతో తనే చంపుకున్నానని నమ్మేసింది. చొక్కాల షెడ్డులో రోజంతా కాజాలు కుట్టినా పోగు తప్పని ఆ చెయ్యి కాగితం మీదికి వంగింది. నాకు ఒళ్లు మండి పెన్ను లాక్కున్నాను.

"పరీక్షకి నీళ్లు ఏ కొళాయిలో పట్టారు సార్?"

ఇంజనీరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ట్యాంకు పక్కనే ఉన్న ఆఫీసు కొళాయిలో పట్టారని, అదీ బ్లీచింగు కలిపిన అరగంటకే పట్టారని తర్వాత తెలిసింది.

ఇది చదివే మీలో కుట్టుమిషను తొక్కేవాళ్లున్నారు, కాలేజీలో చదివేవాళ్లున్నారు. ఈ గుంతల సంగతి కొందరికి తెలియకపోవచ్చు. మాది ఊరి చివరి వీధి. నడుమెత్తు కొళాయికి నీళ్లు ఎక్కవు. అందుకని గొట్టం కోసి, మోకాలి లోతు గుంత తవ్వి, కొళాయిని అందులోకి దించుకుంటాం. వంగి చెంబుతో పట్టి బిందెలో పోసుకుంటాం. మొదట ఒకళ్లు తవ్వారు. దాంతో పక్కింటికి నీళ్లు రాలేదు. పక్కింటివాళ్లు ఇంకాస్త లోతుగా తవ్వారు. అలా నలభై ఇళ్లవాళ్లం పోటీలు పడి పాతాళానికి దిగాం. మా శత్రువు పక్కింట్లోనే ఉన్నాడని అప్పట్లో మా గట్టి నమ్మకం.

పిల్లను మట్టిలో పెట్టిన మర్నాడు, భోజనాల వేళ మిషన్లు ఆపి షెడ్డులోనే కూర్చున్నాం.

"దాన్నొక్కదాన్నే అంటే ఏం లాభం? అందరం తవ్వాం," అంది ఇస్త్రీ చేసే అవ్వ.

"అయితే అందరం సంతకాలు పెట్టి జైల్లో కూర్చుందామా?" కత్తిరింపు పనివాడు గొంతు చించుకున్నాడు. "నేను ముందే చెప్పాను, గుంతలొద్దని!"

"చెప్పి నువ్వూ తవ్వావుగా!" అంది అవ్వ.

పెద్ద రభస అయింది. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ పానా బాబాయ్ లోపలికొచ్చాడు. చేతిలో పానాతో వీధి వీధికీ వాల్వులు తిప్పే కాంట్రాక్టు కూలీ ఆయన. ఊళ్లో అందరికీ బాబాయే.

"మీ వీధి వాల్వు పూర్తిగా తెరవాలంటే ఇరవై రెండు చుట్లు తిప్పాలమ్మా," అన్నాడు తల వంచుకుని. "తొమ్మిది తిప్పి ఆపెయ్యమని నాకు పైనుంచి మాట. తక్కిన నీళ్లు మా కాంట్రాక్టరుగారి నీళ్ల సీసాల ఫ్యాక్టరీకి పోవాలిట. అందుకే మీకు ఎక్కవు. సరఫరా ఆగాక ఖాళీ గొట్టం గుంతలో మురుగుని పీల్చుకుంటుంది. ఒక్క గుంతలో చేరినా చాలు, వీధంతా తాగుతుంది."

మేం కుట్టే చొక్కాల మధ్య కూర్చుని ఆ ఫ్యాక్టరీ మాకే అమ్మే నీళ్ల సీసాలు గుర్తు చేసుకున్నాం.

"ఎన్నాళ్లుగా తిప్పుతున్నావు బాబాయ్?" అంది కాజాలక్క. కూతుర్ని మట్టిలో పెట్టాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"నాలుగేళ్లు తల్లీ. పని పోతుందని నోరు మూసుకున్నాను. నన్ను కొట్టినా పడతాను."

అక్క కొట్టలేదు. ఏడవనూ లేదు. "గుంతలు పూడ్చేద్దాం," అంది.

"పూడిస్తే తొమ్మిది చుట్లకి చుక్క రాదే! పిల్లల గొంతు తడిపేదెట్లా?" అని అవ్వ లబలబలాడింది.

"రాకూడదు. రాకపోతేనే అందరం కలిసి వాల్వు దగ్గరికి పోతాం. గుంతలుంటే ఎవరి గుంత దగ్గర వాళ్లం వంగే ఉంటాం."

ఆ సాయంత్రమే అక్క తన గుంత తనే పూడ్చింది. మట్టి పోస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. మేం ఆపమనలేదు. మా గుంతలూ పూడ్చి, కొళాయిల్ని మళ్లీ నడుమెత్తుకి లేపాం. రెండు రోజులు కొళాయిల్లో చుక్క లేదు. మైలు దూరంలోని చేతిపంపు నుంచి మోసుకుని, కాచుకుని తాగాం. ముగ్గురు మాత్రం పూడ్చేది లేదని మొండికేశారు. వాళ్ల ఇళ్లముందు కూర్చుని వాదించాం, తిట్టాం, బతిమాలాం. మూడో రోజు పొద్దున వాళ్లూ తట్టలెత్తారు.

వీధి వీధంతా వాల్వు చుట్టూ చేరింది. బాబాయ్ తిప్పుతుంటే గొంతెత్తి లెక్కపెట్టాం. పదో చుట్టు దగ్గర బాబాయ్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఇరవై రెండు దాకా ఆగలేదు. నడుమెత్తుకి లేపిన కొళాయిల్లోంచి నీళ్లు దూకాయి. పిల్లలు తలలు పెట్టబోతే తల్లులు వెనక్కి లాగారు. ఆ గొట్టం కడిగే దాకా ఎవరూ తాగకూడదని ముందే తీర్మానించుకున్నాం.

అటు ఫ్యాక్టరీకి ధార తగ్గింది, ఇటు పోలీసు జీపు వచ్చింది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశాడని బాబాయిని ఈడ్చుకెళ్లారు. వెనకే మేమందరం స్టేషనుకి నడిచాం. ఎస్సై బల్లమీద ఇంజనీరు కాగితమే ఉంది.

"దీనిమీద సంతకం పెట్టు. ముసలాణ్ణి ఇప్పుడే వదిలేస్తా," అన్నాడు కాజాలక్కతో.

"పెట్టొద్దు తల్లీ!" లాకప్‌లోంచి బాబాయ్ అరిచాడు. పెదవి పగిలి నెత్తురు కారుతోంది.

అక్క ఎస్సై వైపు తిరిగింది.

"గుంత నేనే తవ్వాను. రాసుకోండి. నీళ్లు రాక తవ్వాను. తొమ్మిది చుట్లే తిప్పమన్నారు కాబట్టి రాలేదు. ఎవరు తిప్పమన్నారో, ఎవరికోసం తిప్పమన్నారో అదీ రాయండి. నా కూతురు పేరు రాయండి. అప్పుడు పెడతా."

"అంత రాయడానికి ఇందులో చోటు లేదు."

"ఇంకో కాగితం తీయండి. ఒకటి చాలదు. నా వెనక నలభై ఇళ్లవాళ్లున్నారు."

ఎస్సై తలెత్తి చూశాడు. వరస గుమ్మం దాటి, మెట్లు దిగి, రోడ్డుమీదికి పోయింది. అవ్వ కర్ర పోటేసుకుంటూ ముందుకొచ్చింది. "తర్వాత నాది రాయి నాయనా. దానికంటే ముందు తవ్వింది నేను."

ఎస్సై ఒక్క కాగితమూ రాయలేదు. సాయంత్రం బాబాయిని జైలుకి పంపారు. ఎక్కణ్ణించో కొత్త మనిషిని తెచ్చి, పోలీసుల కాపలాలో వాల్వును మళ్లీ తొమ్మిది చుట్ల దగ్గరికి బిగించారు. మర్నాటికి కొళాయిలు ఎండిపోయాయి. మా వీధిలో ఎవరూ గడ్డపార పట్టలేదు. పక్క వీధివాళ్లు కూడా గుంతలు పూడుస్తున్నారని కబురొచ్చింది. ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని, కాజాలక్కను ముందు నడవమని, అందరం ఫ్యాక్టరీ గేటుకి బయలుదేరాం. షెడ్డులో ఆ రోజు ఒక్క మిషనూ కదలలేదు.