ఆమేన్ బరువు

పొద్దున్నే ఏసుమణి చేసే మొదటి పని మంచాన్ని బల్లగా మార్చడం. మోటార్‌హోమ్‌లో ఇల్లంతా కలిపి ఒక్క గదే కదా. పరుపు మడిస్తే భోజనాల బల్ల, బల్లకి ఎదురుగా పొయ్యి, పొయ్యి కింద నీళ్ళ ట్యాంకు. ఆ తర్వాత కాఫీ, ఉప్మా, గిన్నెలు. గిన్నెలయ్యాక టాయిలెట్ కింద ఉండే పెట్టెను బయటికి లాగి, రాత్రి బండి ఆపుకున్న క్యారవాన్ పార్కులో దానికని కట్టిన గుంట దగ్గరికి తీసుకెళ్ళి, గుమ్మరించి, కడిగి తేవాలి. అదీ ఆమె పనే. ఎందుకంటే బండెక్కిన మొదటిరోజే ఆమె భర్త జకరయ్య పనులు పంచేశాడు. చక్రాలు ఆయనవి, చక్రాల మీదున్నదంతా ఆమెది.

సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో వాళ్ళ ఇంట్లో ఉన్న వంటిల్లు కనీసం కదలకుండా ఒకచోట ఉండేది. కిటికీలోంచి నిమ్మచెట్టు కనిపించేది. ఇప్పుడు కిటికీలో ఊళ్ళు మారుతున్నాయి, సింకులో గిన్నెలు మాత్రం అవే. దీన్ని జకరయ్య విహారం అంటాడు. ఎవరికట?

బయల్దేరే ముందు ఆయన స్టీరింగ్ మీద చేతులుంచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. అది మంచి అలవాటే. బాపట్ల దగ్గర వాళ్ళ ఊళ్ళో సైకిలెక్కే ముందు కూడా చేసేవాళ్ళు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆయన తన నిర్ణయాలన్నీ ప్రార్థనలోనే చెప్తాడు. "ప్రభువా, ఈ రోజు మేము డబ్బో వెళ్తుండగా..." అని మొదలుపెడతాడు. డబ్బో అనే ఆ ఊరికి వెళ్దామా అని అంతకు ముందు ఆమెను అడిగింది లేదు. దేవుడికి చెప్పేశాక ఇక పక్కనున్న మనిషి ఏమంటుంది? ఆమేన్ అంటుంది.

ఇల్లమ్మి ఈ బండి కొనడం కూడా అలాగే జరిగింది. "ప్రభువా, నీవిచ్చిన ఈ గృహాన్ని విడిచి..." అని వినపడగానే ఆమెకి 'వద్దు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి ఆమేన్ అంది.

మింగిన మాటకు బరువుంటుంది. ఇళ్ళల్లో అది తెలీదు, పునాదులు మోసేస్తాయి. బండ్లలో తెలుస్తుంది. క్యారవాన్ పార్కుల్లో తిరిగేవాళ్ళకి ఇది టైర్లలో గాలి చూసుకున్నంత మామూలు విషయం. మడ్జీ ఊరి పార్కులో వాళ్ళ పక్కన దిగిన ముసలి దంపతులు బయల్దేరే రోజున కుర్చీలేసుకుని, కాసేపు ఒకరినొకరు తిట్టుకుని, ఆనక టీ తాగి బండి తీశారు. జకరయ్య వాళ్ళని చూసి నవ్వాడు. మాకా అవసరం లేదు, నా భార్య నోరెత్తదు అని పార్కు మేనేజరుతో గొప్పగా చెప్పుకున్నాడు. దానికి చెప్పాల్సిన జవాబు కూడా ఏసుమణి మింగింది. సాయంత్రానికి బండి ఆమె కూర్చునే వైపుకి కాస్త ఒరిగింది.

ఆమెకు కావలసింది ఒక్కటే, సముద్రం. సూర్యలంక ఒడ్డున పుట్టిన మనిషి. పారమట్టా ఆసుపత్రిలో నర్సుగా నైట్ డ్యూటీలు చేసినన్నాళ్ళూ, రిటైరయ్యాక ఏదో ఒక తీరాన కొన్నాళ్ళు ఊరికే కూర్చోవాలని అనుకుంటూ వచ్చింది. చుట్టూ సముద్రమే ఉన్న దేశంలో ఇదేమంత పెద్ద కోరిక? అయినా జకరయ్య ఒక్కసారి కూడా బండిని అటు తిప్పలేదు. ఉప్పుగాలికి తుప్పు పడుతుందట. బర్క్, కోబార్, హే అనే ఊళ్ళంటూ, సముద్రానికి దూరంగా ఆ ఎర్రమట్టిలోనే తిప్పాడు. బండి తుప్పు పట్టకుండా చూసుకున్నాడు, బాగానే ఉంది. మరి పక్కన కూర్చున్న మనిషి సంగతో?

ఆ రోజు యాస్ ఊరి బయట, హైవే పక్కన బండ్లను ఆపి తూస్తున్నారు. ప్రతి బండికీ ఇంతకు మించి బరువు ఉండకూడదని ఒక హద్దుంటుంది. దాటితే బ్రేకులు పట్టవు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్ళు మొహం చాటేస్తారు. చక్రాల కింద తూకం పలకలు పెట్టారు. పసుపుపచ్చ జాకెట్టు తొడుక్కున్న నడివయసావిడ పలకల మీది అంకెలు చూసి తల అడ్డంగా ఊపింది. బరువు దించితే తప్ప బండి కదలడానికి వీల్లేదంది.

జకరయ్య క్షణం ఆలోచించలేదు. వెనక తలుపు తీసి ఏసుమణి సామాను దించడం మొదలుపెట్టాడు. రాతి గ్రైండర్, ఆవకాయ జాడీలు, ఎండుచేపల డబ్బా, కుట్టుమిషను. ఆయన గాలాలు, మడత సైకిలు, బార్బెక్యూ పొయ్యి మాత్రం లోపలే ఉండిపోయాయి. లారీలవాళ్ళంతా చూస్తుండగా ఆమె సంసారం రోడ్డు పక్క దుమ్ములో బారులు తీరింది.

"ఈ గ్రైండర్ ఎందుకు మణీ, అసలే ఓవర్‌వెయిట్. ఇక్కడే వదిలేద్దాం," అన్నాడు.

ఏసుమణి దీనికి జవాబూ మింగింది. మళ్ళీ తూచారు. అంకె తగ్గకపోగా పెరిగింది.

తూకం ఆవిడ ఎడమవైపు ముందు చక్రం చూపించింది. ఆ పైనే ఏసుమణి సీటు. ఇది సామాను బరువు కాదు, మాటల బరువు అని, రోజూ నలుగురికి చెప్పే విషయంలాగే చెప్పి, యూకలిప్టస్ నీడలో అలాంటివాళ్ళ కోసం వేసి ఉంచిన రెండు కుర్చీల వైపు చెయ్యి చూపింది.

జకరయ్య కూర్చున్నాడు. ఏసుమణి కూర్చోలేదు. ఆవకాయ జాడీ మీది దుమ్ము కొంగుతో తుడిచి, దాన్ని చంకనెత్తుకుని నిలబడింది.

"ఏంటో చెప్పెయ్, లేటవుతోంది," అన్నాడు వాచీ చూసుకుంటూ.

"ఇల్లు అమ్మడం నాకిష్టం లేదండీ."

బండి కిర్రుమని కాస్త పైకి లేచింది. తూకం ఆవిడ అంకె చూసి, కానివ్వండన్నట్టు తలూపింది.

"మరి ఆ రోజు ఆమేన్ అన్నావుగా?"

"దేవుడితో మాట్లాడుతున్నట్టు నాకు ఆర్డర్లేస్తారు మీరు. ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదని మీకు తెలుసు. ఆయన్ని అడ్డం పెట్టుకుని నా నోరు కట్టేశారు. నేనన్న ఆ ఆమేన్లలో ఒక్కటి కూడా నాది కాదు."

ఇక ఆగలేదు. టాయిలెట్ పెట్టె గురించి చెప్పింది. నోరెత్తదు అన్న మాట గురించి చెప్పింది. ఏళ్ళ తరబడి వానల్లో, చీకట్లో కారు నడుపుకుంటూ డ్యూటీకి వెళ్ళొచ్చిన మనిషిని, స్టీరింగ్ ఒక్కసారి ఇవ్వమంటే 'ఇది నీ చిన్న కారు కాదు' అన్న సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు. రోగి బంధువులకు ఉన్నదున్నట్టు చెప్పే నర్సులా ఒక్కొక్కటీ విడమర్చి చెప్పింది. చివర్న సముద్రం గురించి చెప్పినప్పుడు బండి ఎడమవైపు పూర్తిగా నిటారయింది.

జకరయ్య జవాబులు నోటిదాకా వచ్చి వెనక్కి పోయాయి. ఈసారి కుడివైపు అణిగింది, కొద్దిగానే. మొత్తం బరువు హద్దులోనే ఉందనీ, కాకపోతే ఇద్దరిలో తేలికగా ఉన్నవాళ్ళే నడపాలనీ చెప్పి, తూకం ఆవిడ తాళాలు ఏసుమణి చేతిలో పెట్టింది. వెనకున్న క్యారవాన్‌ని రమ్మని చెయ్యి ఊపింది.

సామాను మళ్ళీ లోపలికి చేరింది. మోసింది జకరయ్యే. గ్రైండర్‌ని గుండెలకానించుకుని మెట్లెక్కేసరికి ఆయాసపడ్డాడు.

ఏసుమణి డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దాలు తన ఎత్తుకి సరిచేసుకుంది. ఆయన ఆమె సీట్లో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. ఆమె స్టీరింగ్ పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఈయన్ని అడక్కుండా నీకు చెప్పడం న్యాయం కాదు. ముందు ఈయన్నే అడుగుతాను."

కళ్ళు తెరిచి ఆయన వైపు తిరిగింది. "గంగాలిన్‌లో మన అమ్మాయింట్లో భోంచేసి, అట్నుంచి బేట్మన్స్ బే వెళ్దామండీ. సముద్రం పక్కనే కొన్నాళ్ళు ఉందాం. ఏమంటారు?"

ఆయన గుటక వేశాడు. బండి మెల్లగా ఆయన వైపుకి ఒరిగింది.

"మింగకండి," అంది ఏసుమణి. ఇంజను స్టార్ట్ చేయకుండా అలాగే కూర్చుంది.

"తుప్పు పడుతుంది మణీ."

బండి లేచి సరిగ్గా నిలబడింది.

"పట్టనివ్వండి."

జకరయ్య సీటు బెల్టు లాగి పెట్టుకున్నాడు. అప్పుడు, "ఆమేన్," అన్నాడు.

ఏసుమణి అద్దంలోకి వంగి ఆయన వైపు టైరు చూసింది. అణగలేదు. అప్పుడు ఇండికేటర్ వేసింది.