వదిలెయ్యమన్న మాట

2008లో జగ్గయ్యపేట దగ్గర మా కాలేజీలో వైర్‌లెస్ నెట్ చూసుకునేవాణ్ణి నేనే. నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. నెట్ నత్తనడక నడుస్తోందని పిల్లలు గోల చేస్తే, ల్యాబ్ ఇన్‌ఛార్జ్ వరప్రసాదరావు స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను వేలెత్తి చూపించాడు.

"అనీసే మేడమ్. రోజంతా సినిమాలు దించుకుంటన్నాడు."

దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే. సినిమాలు దించేది అతనే. నా దగ్గర రుజువు లేదు. ప్రిన్సిపాల్ భారతీదేవి గారు శుక్రవారం దాకా గడువిచ్చారు. ఆలోపు తేల్చకపోతే నా ఉద్యోగం ఊడుతుంది.

నాకు అన్నం సహించలేదు. అదే రూములో, అదే మనుషుల ముందు అతని మొహం మాడిపోవాలి. ఇంకేమీ వద్దు.

ల్యాబ్ మీదున్న వైర్‌లెస్ పెట్టె, తన రేడియోలోంచి పోయే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే ప్రతి డేటా ముక్కనూ, కాపీ తీసి గాలిలోనే నా కంప్యూటర్‌కి పంపగలదు. ఏవి తీయాలో చెప్పే లైనునే ఫిల్టర్ అంటాం. అందులో రెండు మాటలు రాశాను: వరప్రసాదరావు ల్యాప్‌టాప్‌ది పట్టుకో, నా కంప్యూటర్‌ది వదిలెయ్. ఈ పనిలో చెయ్యి తిరిగినవాడెవడూ రెండోది మరిచిపోడు. మరిస్తే, అదే రేడియోలోంచి నాకొచ్చే కాపీలకు మళ్ళీ కాపీలు, వాటికి మళ్ళీ కాపీలు. సెలూన్లో ఎదురెదురు అద్దాల్లాగా అంతుండదు.

శుక్రవారం స్టాఫ్ రూములో తెర కట్టి, అతను దించిన సినిమాలు ఒక్కొక్కటే చూపించాను. అతని మొహం నల్లబడుతుంటే నాకు కడుపు నిండింది.

"నా పేరొక్కటే పెట్టి వెతికితే నేను గాక ఇంకెవరు దొరుకుతారండీ?" అన్నాడు.

"అదీ నిజమే. అందరివీ చూపించు బాబూ, ఇప్పుడే," అన్నారు మేడమ్.

"చూపిస్తానండి, తప్పకుండా చూపిస్తా!"

ఒళ్ళు మండిపోయి ఆ ఫిల్టర్ లైను మొత్తం ఒక్క దెబ్బతో చెరిపేసి మీట నొక్కాను. ఎవరెంత వాడుతున్నారో లెక్కతో సహా తెర మీద పేర్లు లేచాయి. నిమిషంలో ఒక పేరు అన్నిటినీ దాటిపోయింది. అది నాదే. కాలేజీ అంతా నెట్ ఆగిపోయింది. వరండాలో పిల్లలు అరుస్తున్నారు.

"అది నేను వాడింది కాదండి, కాపీకి కాపీ..." అని నసిగాను. ఎవరికీ అర్థం కాలేదు.

"చెప్పా గదండీ," అన్నాడు వరప్రసాదరావు, ఎంతో జాలిగా.

"ఆయన నాలుగు సినిమాలు చూశాడు. నువ్వు కాలేజీ మొత్తాన్నీ మింగేశావు. సోమవారం నుంచి రావద్దు," అన్నారు మేడమ్.

నందిగామ బస్సెక్కాక ఆ లైను అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. మొదటి సగమే చెరిపి ఉంటే సరిపోయేది. అతని మీద కసిలో నన్ను కాపాడే మాటను నా చేత్తో నేనే చెరిపేశాను. పగ మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.