రైసుమిల్లులో తుమ్మిన క్యారేజీ

నెలలో రెండో ఆదివారం వచ్చిందంటే నాగేందర్ పొద్దున్నే చీపురూ, ముగ్గుపిండి డబ్బా పట్టుకుని ఆలేరు స్టేషన్ వెనక మూతపడ్డ రైసుమిల్లుకు పోతాడు. మిగతా రోజుల్లో అతనిది జిరాక్సు దుకాణం. ఆ ఒక్క ఆదివారం మాత్రం అతను మార్పిడి అంగడికి పెద్దమనిషి.

మార్పిడి అంగడి అంటే ఏమిటో ముందే చెప్పుకుంటే మంచిది. పాత వస్తువులు పోగుచేసే పిచ్చి ఉన్నవాళ్లు అక్కడికి వస్తారు. ఒకరికి అగ్గిపెట్టె బొమ్మలు, ఒకరికి గోలీసోడా సీసాలు, ఇంకొకరికి రైలు లాంతర్లు. తమ దగ్గరున్నది ఇచ్చి, తమకు లేనిది తీసుకుపోతారు. పైసల మాట లేదు, వస్తువుకు వస్తువే. నాగేందర్ మిల్లు నేల మీద ముగ్గుపిండితో గళ్లు గీసి, ఒకే రకం సామాను తెచ్చినవాళ్లను పక్కపక్కన కూర్చోబెడతాడు. గిన్నెలు గిన్నెల పక్కన, సీసాలు సీసాల పక్కన. అట్లా ఉంటేనే కదా, తీసుకునేవాడికి ఏది బాగుందో తెలిసేది, ఇచ్చేవాడికి తనది ఎంతపాటిదో తెలిసేది!

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మిల్లులో అబద్ధం చెబితే సామాను తుమ్ముతుంది. వాసాల మీద పాత తౌడు దుమ్ము ఇంకా పోలేదు, అందుకేనని కొందరంటారు. ఇత్తడి గిన్నెలు పెద్దమనుషుల్లాగా గట్టిగా తుమ్ముతాయి. గాజు సీసాలది పిల్లికూన తుమ్ము. ఏదైనా తుమ్మితే దాని వీపు తట్టి "నూరేళ్లు" అనటం అక్కడి మర్యాద.

"గిది మా తాత రైల్వేల పనిచేసినప్పటి లాంతరు" అన్నాడు ఒక ఆదివారం పొద్దున లాంతర్ల బెంజమిన్, చూడటానికి వచ్చిన ఒకాయనతో.

లాంతరు తుమ్మింది.

"నూరేళ్లు" అంది ఎదుటి గడిలో గిన్నెలు పెట్టుకున్న సుక్కమ్మ.

"అంటే... మా బాపుది."

మళ్లీ తుమ్మింది.

"నూరేళ్లు! ఏం తమ్మీ, దానికి పడిశం పట్టేటట్టున్నది. జర నిజం చెప్పరాదు?"

"పోయినేడు భువనగిరిల పాత ఇనుప కొట్టుల దొరికిందక్కా."

లాంతరు ఊరుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చూడవచ్చినాయన కూడా నవ్వి, తన సంచిలోంచి రెండు సోడా సీసాలు తీసిచ్చి ఆ లాంతరునే పట్టుకుపోయాడు. తాత పోయినా, బాపు పోయినా, మిగిలింది మంచి లాంతరే కదా.

మొదట్లో మాత్రం ఇట్లా ఉండేది కాదు. సామాన్లు తుమ్ముతాయని తెలియగానే, ఇచ్చేవాళ్లంతా భయపడి నోళ్లు మూసుకున్నారు. ఒక నెల అంగడి మొత్తం మూగదైంది. "ఇది ఎక్కడిది?" అంటే తల ఊపటం, "పగుళ్లేమన్నా ఉన్నాయా?" అంటే పైకప్పు చూడటం. అబద్ధం లేదు సరే, మాట కూడా లేదు. మాట లేని చోట ఎవరు నిలబడతారు? వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. నాగేందర్ ముగ్గుపిండి డబ్బా మీద చెయ్యి పెట్టుకుని, ఇక అంగడి ఎత్తేయాల్సిందే అనుకున్నాడు.

అప్పుడు సుక్కమ్మ నోరు తెరిచింది. ఒక ఇత్తడి చెంబు పైకెత్తి, బస్టాండులో కేక వేసినట్టు అంది: "గీ చెంబుకు అడుగు పగిలింది. మాటు ఏయించిన. నీళ్లు నిలుస్తయి, మజ్జిగ నిలువది. ఎందుకని నన్నడగకుండ్రి, నాకూ తెల్వది!"

చెంబు కిమ్మనలేదు. జనం నవ్వుతూ మూగారు. లోపం ముందు చెప్పినవాళ్లు మంచి చెప్పినప్పుడు, వినేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఆ రోజు సుక్కమ్మ గడిలో చెంబే కాదు, సొట్టల గంగాళం కూడా పోయింది. మరుసటి నెల నుంచి అందరూ సొట్టలతోనే మొదలుపెట్టారు, అంగడి మళ్లీ లేచి నిలబడింది.

సుక్కమ్మది ఆలేరు పక్క పల్లె. ముప్పై ఏళ్లు పత్తి ఏరింది. ఇప్పుడు మోకాళ్లు సహకరించటం లేదు, వంగితే లేవటం కష్టం. మహిళా సంఘంలో ఎప్పుడో జాకెట్లు కుట్టటం నేర్చుకుంది గానీ మిషను లేదు. చేత్తో తిప్పే కుట్టుమిషను ఒకటి ఉంటే, గడప దగ్గర కూర్చుని ఊళ్లో ఆడవాళ్ల బట్టలన్నీ కుట్టుకుంటూ బతకవచ్చు. కూర్చుని చేసే పని దొరక్కపోతే వచ్చే పత్తి కాలానికి ఏం చేయాలో ఆమెకు తోచటం లేదు.

అటువంటి మిషను రాంచందర్ సారు దగ్గర ఉంది. ఆయన సికింద్రాబాద్ నుంచి రైల్లో వస్తాడు, పాత గిన్నెల క్యారేజీలు పోగుచేస్తాడు. పోయిన నెల సుక్కమ్మ దగ్గర రెండు గిన్నెలూ మూతా చూసి ఆయన కళ్లు మెరిశాయి. "నాలుగు గిన్నెల క్యారేజీ ఇది. మిగతా సగం తెప్పించమ్మా, మిషను ఇచ్చేస్తాను. సగం క్యారేజీ నేనేం చేసుకోను?"

మిగతా సగం ఎక్కడుందో సుక్కమ్మకు తెలుసు. గోడ అవతలే ఉంది, తోడికోడలు సైదమ్మ ఇంట్లో. కానీ ఆ ఇద్దరికీ ఏండ్లుగా మాటల్లేవు.

అదెట్లా జరిగిందో చెప్పాలి. ఆ క్యారేజీ వాళ్ల అత్తది. పొలం పనుల రోజుల్లో అత్త దాన్ని నింపి ఇచ్చేది, కోడళ్లిద్దరూ మోదుగు చెట్టు కింద కూర్చుని ఒకే గిన్నెలో తినేవాళ్లు. అత్త పోయాక ఇల్లు ఏరుపడింది. పెద్దమనుషులు కూర్చుని గిన్నెలన్నీ పంచి, చివరకు క్యారేజీ దగ్గర ఆగారు.

"నాకేం వద్దు, చెల్లెకే ఇయ్యిండ్రి" అంది సుక్కమ్మ.

"నాకేం వద్దు, అక్కకే ఇయ్యిండ్రి" అంది సైదమ్మ.

ఇద్దరికీ కావాలి. ఇద్దరూ అవతలి మనిషి ఇంకొక్కసారి బతిమిలాడితే తీసుకుందామని చూశారు. ఎవరూ బతిమిలాడలేదు. అది మిల్లు కాదు, ఇల్లు. అక్కడ గిన్నెలు తుమ్మవు. పొద్దుగూకుతోందని పెద్దమనుషులు విసిగిపోయి పైరెండు గిన్నెలూ మూతా పెద్ద కోడలికి, కిందిరెండు గిన్నెలూ, పట్టుకునే కడ్డీనీ చిన్న కోడలికి ఇచ్చి లేచిపోయారు. ఆనాటి నుంచి ఇద్దరికీ ఒకటే కోపం: మనసులో ఉంటే ఇంకొక మాట అనకపోయేదా? వాళ్ల భర్తలైన అన్నదమ్ములు మాత్రం ఏ ఫికరూ లేకుండా ఒకే ట్రాక్టరు మీద తిరుగుతారు.

సుక్కమ్మ అడగదని తెలిసి నాగేందరే సైదమ్మ ఇంటికి పోయి, ఆమె సగం పట్టుకుని రమ్మని పిలిచాడు. అందుకే ఈ ఆదివారం ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక. గిన్నెలు గిన్నెల పక్కనే ఉండాలన్నది నాగేందర్ నియమం కదా, ఇద్దరినీ పక్కపక్క గళ్లలోనే కూర్చోబెట్టాడు.

సైదమ్మ తన గిన్నెతో మాట్లాడటం మొదలుపెట్టింది. "ఇన్నవా గిన్నే, కొందరు మూత ఉన్నదని మస్తు మురుస్తరు. కడ్డీ లేంది ఎట్ల పట్టుకపోతరో!"

సుక్కమ్మ తన మూతతో అంది: "మూత లేకుంటే కూర మీద ఈగలు వాల్తయని కొందరికి ఎవరు చెప్పాలె!"

రెండూ నిజాలే. ఏదీ తుమ్మలేదు. ఎదుట కూర్చున్న బెంజమిన్ తన సీసాలు తుడవటం మానేసి చూస్తున్నాడు.

పదకొండు దాటాక రాంచందర్ సారు వచ్చాడు, వెనకాల హమాలీ నెత్తి మీద కుట్టుమిషను. నల్లగా నిగనిగలాడుతోంది. సుక్కమ్మ దాని పిడి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"రెండు సగాలూ వచ్చాయా! మరి మిషను ఎవరికివ్వాలి? ఇద్దరూ మాట్లాడుకుని చెప్పండమ్మా."

సైదమ్మ నేల చూస్తూ అంది: "ఆమెకే ఇయ్యిండ్రి సార్. ఆమెకు మోకాళ్లు సక్కగ లేవు. నాకేం వద్దు."

కిందిరెండు గిన్నెలు ఒక్కసారే తుమ్మాయి. కడ్డీ గణగణలాడింది.

"నూరేళ్లు" అన్నాడు బెంజమిన్.

"ఆమెది ఊరికె తీసుకుని నేనేం జేసుకుంట? నాక్కూడా ఏం వద్దు" అంది సుక్కమ్మ.

పైరెండు గిన్నెలు తుమ్మాయి. మూత ఎగిరి సైదమ్మ ఒళ్లో పడింది.

సైదమ్మ మూతను తిప్పి తిప్పి చూసింది. సుక్కమ్మ తోడికోడలి ముఖం వైపు తిరిగింది. ఏండ్ల తర్వాత మొదటిసారి గిన్నెతో కాకుండా మనిషితో మాట్లాడింది.

"మల్ల నీకేం గావాలెనే? నోరిడిసి చెప్పరాదు?"

"చెప్తె నవ్వుతవు."

"నవ్వ."

సుక్కమ్మ గిన్నె చిన్నగా తుమ్మింది. "సరే, నవ్వుతనేమో. చెప్పు!"

"నీ సర్వపిండి గావాలె" అంది సైదమ్మ. "నేను జేస్తె అట్ట ముక్క లెక్క ఐతాంది. మీ మరిది నీళ్లల్ల నానబెట్టుకుని తింటుండు. గోడ మీదికెంచి నీ ఇంట్ల కాల్తున్న వాసనొస్తే నాకు దుఃఖమస్తది, అక్కా."

అందరూ గిన్నెల వైపు చూశారు. అవి ఊపిరి బిగబట్టినట్టు కూర్చున్నాయి. తుమ్ము రాలేదు.

సుక్కమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేనూ చెప్తున్న ఇను. నాకు నీ పచ్చిపులుసు గావాలె. నాదాంట్ల పులుపెక్కువ, ఇంకేముండది."

ఇందాకటి నుంచి చేతులు ఊరుకోని రాంచందర్ సారు నాలుగు గిన్నెలూ వరసగా పేర్చి, మూత పెట్టి కడ్డీ ఎక్కించాడు. టక్కుమని కూర్చున్నాయి. కానీ ఎత్తబోతే బరువు! మూతా, గిన్నెల మీద కప్పిన ఆకులూ తీసి చూశాడు. పై గిన్నెలో సర్వపిండి, దాని కింద మామిడికాయ తొక్కు, మూడోదాంట్లో పచ్చిపులుసు, అడుగున అన్నం.

ఖాళీ గిన్నె గడప దాటించకూడదన్నది వాళ్ల అత్త పెట్టిన ఆచారం. చేతిలో గిన్నె ఉంటే అందులో తినేది ఏదో ఒకటి ఉండాల్సిందే. ఇల్లు ఏరుపడినా ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ పొద్దున అదే చేశారు. మార్పిడికి తెచ్చుకున్న గిన్నెను కూడా ఖాళీగా తేలేకపోయారు. సగం సగం తెచ్చింది కలిస్తే పూర్తి భోజనమైంది.

"ఇస్త తియ్యిండ్రి సార్, మిషను గావాలె గద" అంది సుక్కమ్మ. "క్యారేజీ పోతే నాకేం బాధ లేదు."

క్యారేజీ ఎంత గట్టిగా తుమ్మిందంటే, వాసాల మీద మిగిలిన తౌడంతా రాలి అందరి తలలు తెల్లబడ్డాయి.

రాంచందర్ సారు తల దులుపుకున్నాడు. "సరేనమ్మా, మీరే ఉంచుకోండి. నాకూ బాధేం లేదు."

క్యారేజీ మళ్లీ తుమ్మింది.

"బాధ ఉంది! చాలా ఉంది!" అన్నాడాయన చేతులు జోడించి. "అయినా ఉంచుకోండి."

ఈసారి క్యారేజీ ఊరుకుంది. సైదమ్మ దయతలచి ఒక సర్వపిండి ముక్క విరిచి, కాగితంలో పెట్టి ఆయనకిచ్చింది. ఆయన తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. తర్వాత పచ్చిపులుసు గిన్నె వైపు చూస్తూ అడిగాడు: "ఈ అంగడిలో సామాన్లన్నీ దొరుకుతాయి గానీ తినటానికి ఏమీ దొరకదు, మధ్యాహ్నానికల్లా ఆకలేసి రైలెక్కేస్తాం. నెలనెలా ఈ క్యారేజీ నాకోసం ఇట్లాగే నింపి తెస్తారా? మార్పిడి అంటే మార్పిడే. మిషను మీకు, భోజనం నాకు."

సుక్కమ్మ సైదమ్మ వైపు చూసింది. సైదమ్మ సుక్కమ్మ వైపు చూసింది.

"ఇద్దరం కలిసి తెస్తం" అన్నారు.

నాగేందర్ ముగ్గుపిండి డబ్బా పక్కన పెట్టి, రెండు గళ్ల మధ్య గీతను కాలితో చెరిపేశాడు.

ఇప్పుడు సుక్కమ్మ గడప దగ్గర కూర్చుని మిషను తిప్పుతుంది; గుండీలు సైదమ్మ కుడుతుంది. పత్తి చేలకు పోయే పని లేదు. గోడ ఇంకా ఉంది గానీ, చెయ్యి పట్టేంత మేర ఇటుకలు తీసేశారు, వేడి సర్వపిండి అటూ ఇటూ అందుకోవటానికి. రెండో ఆదివారం మిల్లులో వాళ్ల గడి వంట వాసనతో నిండిపోతుంది. తిన్నవాళ్లు తొందరపడి పోరు. తొందరపడని మనిషి సామాను నింపాదిగా చూస్తాడు, నింపాదిగా చూస్తే నచ్చేది దొరుకుతుంది. ఒక ముద్ద అన్నానికి బదులుగా బెంజమిన్ వాళ్లకు ఒక లాంతరు కూడా ఇచ్చాడు, ఎవరి తాతదీ కాదని ముందే చెప్పి.

మొన్న మర్రిగూడ నుంచి బస్సులు మారి ఒకామె కొత్తగా వచ్చింది. ఒకే పీట మీద కూర్చుని, ఒకే గిన్నెలో తింటూ, పులుపు ఎక్కువైందని పోట్లాడుకుంటున్న ఇద్దరినీ చూసి అడిగింది: "మీరిద్దరు సొంత అక్కచెల్లెండ్లా?"

"ఔ" అంది సుక్కమ్మ ముద్ద మింగుతూ.

"ఒక్క తల్లి పిల్లలం" అంది సైదమ్మ.

బెంజమిన్ "నూరేళ్లు" అందామని నోరు తెరిచాడు. నాగేందర్ నెత్తికి రుమాలు చుట్టుకున్నాడు, తౌడు రాలుతుందని. అంగడంతా క్యారేజీ వైపు చూసింది. దాని మూత కొంచెం కదిలింది.

అది అన్నం ఆవిరి. క్యారేజీ తుమ్మలేదు.