తెల్లబడని గోబో

"ఇంకా తెల్లబడలేదు. నీళ్ళు మార్చు," అంది కినుయో, బేసినులో చూపుడువేలు ముంచి, ఆ వేలిని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ.

మినేకో నీళ్ళు పారబోసింది. చెక్కు తీసి, పెన్సిలు చెక్కినట్టు సన్నగా చెక్కిన గోబో వేరు ముక్కలు మరోసారి వెనిగర్ నీళ్ళలో మునిగాయి. మునిగిన కాసేపటికే ఆ నీళ్ళు పలచని కాఫీ రంగుకు తిరిగాయి. మిసావా ఊళ్ళో డిసెంబరు నెల కొళాయి నీళ్ళంటే చేతికి చలి తెలియడం కాదు, చెయ్యి ఉందన్న సంగతే తెలియకపోవడం. అత్తగారు కినుయో దృష్టిలో ఆ రంగు వేరులోని మురికి. అది పోయేదాకా నానబెట్టకపోతే కొహిరుయిమకి వారి ఇంటి పరువు పోతుంది. మినేకోకు మాత్రం కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒక అనుమానం కలిగింది, ఇన్నేళ్ళూ అలాగే ఉండిపోయింది. మురికి పోతే వంట రుచి పెరగాలి గదా? ఇక్కడ నీళ్ళు మార్చిన కొద్దీ రంగుతో పాటు వాసనా పోతోంది, రుచీ పోతోంది. పోయిన రుచి కోసం మళ్ళీ పంచదారా సోయా సాసూ కుమ్మరించడం ఏ రకం శుభ్రత? అడిగితే కినుయో ఒకే మాట అనేది: "మా ఇంట్లో ఇంతే."

పొలంలో పండిన గోబోల్లో తిన్నగా, మనిషి చేతికంటే పొడుగ్గా ఉన్నవి పెట్టెల్లో సహకార సంఘానికి వెళ్ళిపోతాయి. యంత్రం మట్టిని కదిలించాక లాగేటప్పుడు విరిగినవీ, కాళ్ళలా రెండుగా చీలినవీ ఇంటి ఆడవాళ్ళకు మిగులుతాయి. వాటిని కేరట్‌తో, ఎండుమిరపతో, నువ్వుల నూనెలో కిన్పిరా వేపుడు చేసి, డబ్బాల్లో పెట్టి, రోడ్డు పక్కనున్న రైతుల అంగడికి పంపుతుంది మినేకో. పంపేది ఆమె; అంగడి గోడ మీద, చేసినవారి ఫొటోల వరసలో నవ్వుతున్నది ఆమె భర్త యోషినోరి. ప్రతి డబ్బా మీదా ఆయన పేరే. "ఎంత బాగుందండీ మీ కిన్పిరా!" అని ఎవరైనా అంటే ఆయన మెడ వెనక చెయ్యి పెట్టుకుని, సిగ్గుపడుతున్నట్టు, "అంతా మా అమ్మ నేర్పిన రుచి," అనేవాడు. ఆ మాట నేర్పిన అమ్మకు నచ్చేది, నేర్చుకున్న కొడుకుకు నచ్చేది. వెనక నిలబడి డబ్బాలు సర్దే మనిషికి ఆ వాక్యంలో చోటే లేదు. ఇంటికి అతిథులు వస్తే మాత్రం ఆయనకు ఆమె చేతులు గుర్తొచ్చేవి. "ఆ నల్ల వేళ్ళతో టీ పొయ్యకు. అమ్మ పోస్తుందిలే."

ఒక ఉదయం గొట్టాలలో నీళ్ళు గడ్డకట్టాయి. కొళాయి తిప్పితే ఒక మూలుగు వచ్చింది, చుక్క రాలేదు. అంగడికి డబ్బాలు పంపవలసిన వేళ దగ్గరపడింది, అత్తగారు ఇంకా నిద్ర లేవలేదు. కెటిల్లో మిగిలిన నీళ్ళతో మినేకో గోబోల మట్టిని బ్రష్షుతో తోమింది. చెక్కు తియ్యలేదు, నానబెట్టలేదు. చెక్కిన ముక్కలను చెక్కినట్టే వేడి నూనెలో పడేసింది. వంటిల్లంతా వాన పడ్డ పొలం వాసన. కిన్పిరా నల్లగా తయారైంది. రుచి చూసింది. మరోసారి చూసింది. ఆకలి మీదున్నాను కాబట్టి ఇలా అనిపిస్తోందేమో అని తనను తాను హెచ్చరించుకుని, డబ్బాలు పంపింది.

మధ్యాహ్నం కాకుండానే అంగడి నిర్వాహకుడు నిత్తా ఫోన్ చేశాడు. డబ్బాలన్నీ అయిపోయాయట. వచ్చే నెల నుంచి హచినోహె స్టేషనులో కూడా ఈ కిన్పిరా అమ్ముదామనీ, కొత్త లేబుల్ మీద చేసినవారి పేరూ ఫొటో పెద్దగా వేయిద్దామనీ అన్నాడు.

"ఈ రోజు కొంచెం ప్రత్యేకంగా చేశాను లెండి," అన్నాడు యోషినోరి ఫోనులో. ఫోన్ పెట్టేసి క్షవరానికి బయలుదేరాడు.

ఆ క్షణంలో మినేకోకు కావలసినదేమిటో ఆమెకు స్పష్టమైంది. ఆ లేబుల్ మీద తన పేరు కావాలి. అయితే ముందు రుజువు కావాలి. ఒక్క రోజు గిరాకీ రుజువు కాదు, ఆ రోజు చలికి జనం ఏది పెట్టినా తినేవారేమో.

ఆమె దేన్నీ వట్టినే నమ్మే మనిషి కాదు. గోబో కషాయం తాగితే రక్తం శుద్ధి అవుతుందని టీవీలో ఒక డాక్టరు చెప్పినప్పుడు ఊరంతా ఎగబడింది, ఆమె నవ్వుకుంది. రక్తాన్ని వడకట్టడానికి మూత్రపిండాలున్నాయి. గోబోలో దండిగా ఉన్నది పీచు. అందులో ఇన్యులిన్ అనేదాన్ని మన పేగులు అరిగించుకోలేవు. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని తిని వాయువు విడుస్తాయి. ఈ సంగతికి యోషినోరితో పక్క పంచుకునే మనిషికి టీవీ సాక్ష్యం అక్కర్లేదు. ఇక ఆ గోధుమ నీళ్ళ సంగతి గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకంలో దొరికింది: కడిగినకొద్దీ పోయేది మురికి కాదు, చాలావరకు క్లోరోజెనిక్ ఆమ్లం, కాఫీ గింజలో ఉండేదే. దానితో మేలెంతో ఆమె తేల్చలేదు. పారబొయ్యడానికి మాత్రం కారణమేదీ కనబడలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె రెండు రకాలూ వండింది. నూనె, సాసు, మంట అన్నీ ఒకటే. తేడా నానబెట్టడంలోనూ చెక్కులోనూ మాత్రమే. భర్తనూ అత్తగారినీ బల్ల ముందు కూర్చోబెట్టి కళ్ళకు తువ్వాళ్ళు కట్టింది.

"ఏమిటే ఈ పిల్లాటలు! పళ్ళు కూడా పీకుతావా ఏం?" అంది కినుయో.

"నోరు తెరవండి అత్తయ్యా. ఏది బాగుందో చెప్పండి చాలు."

వరస మార్చి మార్చి పెట్టింది. తల్లీకొడుకులు ప్రతిసారీ ఒకదాన్నే ఎంచారు.

"ఇదే!" అన్నాడు యోషినోరి నములుతూ. "ఇంకా అనుమానమా? ఇది అమ్మ పద్ధతి. ఆ రెండోది ఎవరు చేశారో గానీ గడ్డి తిన్నట్టుంది."

"తువ్వాళ్ళు తియ్యండి," అంది మినేకో.

ప్రతిసారీ ఇద్దరూ ఎంచిన గిన్నెలో ఉన్నది నల్లటి గోబో. యోషినోరి గిన్నెలోకీ భార్య ముఖంలోకీ మార్చి మార్చి చూశాడు. కినుయో చాప్‌స్టిక్స్‌తో ఇంకో ముక్క తీసుకుంది.

"మా అత్తగారు ఇలాగే చేసేది," అంది. "చెక్కు తీసేది కాదు. నేను కాపురానికొచ్చిన ఏడు పట్నం నుంచి టోకు వ్యాపారి ఒకడు భోజనానికొచ్చి, బొగ్గు వడ్డించారా అని నవ్వాడు. మీ మామగారికి తలకొట్టేసినట్టయింది. రేపట్నుంచి తెల్లగా ఉండాలన్నారు. అంతే." మరో ముక్క నోట్లో పెట్టుకుంది. "వాడెవడో నవ్వి పోయాడు. మనం ఇన్నేళ్ళూ నీళ్ళు పోస్తూ కూర్చున్నాం."

"సరే, బాగుంది," అన్నాడు యోషినోరి తేరుకుని. "లేబుల్ మీద 'యోషినోరి నల్ల గోబో' అని వేయిద్దాం. పేరు గట్టిగా ఉంటుంది."

"నా పేరు వేయిస్తున్నానండీ."

"నీ పేరా? నీ పేరెవరికి తెలుసు?"

"తెలియడానికే."

"నువ్వెప్పుడైనా మూకుడు పట్టుకున్నావురా?" అంది కినుయో కొడుకుతో.

"అమ్మా, నువ్వాగు! చూడు మినేకో, చేసేది నువ్వే, కాదన్నానా? కానీ పేరంటే గొప్ప కాదు, బాధ్యత. సహకార సంఘానికి వెళ్ళే పెట్టెల మీద ఎవరి పేరుంది? నాది. ఎందుకు? ఒక్క గోబో కుళ్ళినా జవాబు చెప్పేది నేను. ఎవరి పేరుంటే వాళ్ళే పూచీ. అది నీ వల్ల అయ్యే పనేనా?"

మినేకో ఆ మాటను అన్ని వైపులనుంచీ పరిశీలించింది. తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. భర్త నోట అంత తర్కబద్ధమైన వాక్యం ఆమె ఎన్నడూ వినలేదు.

మరునాడు నల్ల కిన్పిరా పట్టుకుని తనే అంగడికి వెళ్ళింది. "యజమాని గారు రాలేదా?" అన్నాడు నిత్తా ఆమె వెనక్కి తొంగి చూస్తూ. "వచ్చారు. ఎదురుగా ఉన్నారు. రుచి చూడండి," అంది. నిత్తా రుచి చూశాడు, మళ్ళీ గిన్నె చాపాడు, కెమెరా తెచ్చాడు. నవ్వండి అని ఆయన చెప్పనక్కర్లేకపోయింది. గోడ మీద యోషినోరి ఫొటో దించిన మేకుకే కొహిరుయిమకి మినేకో ఫొటో ఎక్కింది. ఆమె ఇల్లు చేరేలోపే ఆ పేరుతో పెట్టిన డబ్బాలు సగం అమ్ముడుపోయాయి.

కొత్త సంవత్సరం ముందు వారం సహకార సంఘానికి సరుకు పోటెత్తే వారం. కొట్టంలో గోబోలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని కడిగి, పొడవు చూసి వేరు చేసి, పెట్టెల్లో సర్దడం ఎన్నడూ ఎవరూ పనిగా లెక్కించని మినేకో పని. యోషినోరి కొట్టంలోకి తొంగి చూసి పరుగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"రేపు పొద్దున్నే లారీ వస్తోంది! ఒక్క పెట్టె కూడా సర్దలేదేమిటి? అవన్నీ ఎవరు చేస్తారు?"

మినేకో మూకుడులో నువ్వులు చల్లి, మంట తగ్గించి, ఆయన వైపు తిరిగింది.

"వాటి మీద ఎవరి పేరుందో వాళ్ళేనండీ."