ముందు దొరికినవి

ఆ పొద్దున ఆకాశం కురవకా విడవకా ముసురుపట్టి ఉంది. మా అమ్మాయి గదిలో సామానంతా మూటగట్టేశాను. మర్నాడు డాక్టరేటు పుస్తకం అప్పజెప్పేస్తే ఇద్దరం ఇంటికి. అట్టపెట్టెలకి తాడు బిగిస్తుంటే, "కొంచెం ఆగు నాన్నా" అంది.

కంప్యూటర్ తెర మీద రెండు గీతలు. పైది మందు వేయని ఎలుకల్లో కేన్సర్ గడ్డ పెరిగిన తీరు. కిందది మందు వేసినవాటిలో. కొలతలన్నీ తన సమీకరణం చెప్పిన చోటే పడ్డాయని పోయిన నెల ఫోన్లో మురిసిపోయింది.

"మందు మొదలెట్టిన రోజుకి వెళ్తే ఈ రెండూ ఒకే చోట కలవాలి నాన్నా. రాత్రి ఊరికే లెక్కని వెనక్కి నడిపించాను. కలవలేదు."

"అంటే?"

"మందు పడకముందే ఒక గుంపు బాగుంది."

ఏం జరిగిందో చేత్తో చూపించింది. పెద్ద బోనులో చెయ్యిపెట్టి, దొరికినవాటిని దొరికినట్టు ఒక చిన్న బోనులో వేసిందట. అందకుండా పరిగెత్తినవి చివరికి రెండోదాంట్లోకి వెళ్ళాయి. ఒంట్లో సత్తువ లేనివే ముందు చేతికి చిక్కాయి. సత్తువున్నవాటికి మందు పడింది.

"ఇంత గణితం చదివి, రెండు బోన్లు నింపడం రాలేదు నాకు" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

చెబితే పుస్తకం ఆగిపోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. కానీ ఆ మందు ఏదో ఒకనాడు మనుషులకి ఇస్తారు. ముడి మీద నా వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

అంతలో చినుకులు మొదలయ్యాయి. వాళ్ళ గైడు మేడం గొడుగు దులుపుకుంటూ వచ్చింది. పుస్తకానికి సంతకం పెట్టి, మాతో భోంచేసి వెళ్తానని ముందే చెప్పింది.

"ఏమిటమ్మా, ఖాళీ చేస్తున్నారా, పారిపోతున్నారా? మీ నాన్నగారి ముళ్ళు విప్పాలంటే ఆపరేషన్ థియేటర్ కావాలి!"

అమ్మాయి కుర్చీ వేయడం కూడా మరిచి, తెర ముందుకి తీసుకెళ్ళి అంతా చెప్పేసింది. మేడం నిలబడే విన్నది.

"ఏ ఎలుక ఏ బోనులోకో చీటీలు వేసి విడదీయలేదూ?"

"లేదు మేడం."

"నేను అడగలేదూ?"

"మీరూ అడగలేదు."

పెద్దావిడతో అలాగేనా అనబోయి మింగేశాను. మేడం గొడుగు కొసన కారే నీళ్ళనే చూస్తూ నిలబడింది.

"ఈ బొమ్మ చూపించి ఎంతమంది చేత చప్పట్లు కొట్టించుకున్నానో. నువ్వు నోరు మూసుకునుంటే నాకు తెలిసేది కాదు గదే!"

"తెలిసేది కాదు మేడం."

"అది తప్పని అందరికీ నేనే రాసి చెప్పుకోవాలి. నీకు మళ్ళీ మొదట్నుంచే. ఏడాది పైమాటే."

"తెలుసు."

సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మేడం మడిచి సంచిలో పెట్టేసుకుంది. "ఈసారి చీటీలు నేను తీస్తాను. నీ చేతిని నమ్మను."

అమ్మాయి తలూపింది. కళ్ళు తుడుచుకోలేదు.

కంచాలు అడుగుపెట్టెలో ఉన్నాయి. ముడి ఎంత గట్టిగా బిగించానో, పళ్ళతో లాగాల్సి వచ్చింది. తాడు చుట్ట చుట్టి కిటికీ చువ్వకి తగిలించాను. మేడం కూడా మాతోపాటు నేల మీదే కూచుంది. ఆవిడ కంచం ఖాళీ అవడం చూసి అమ్మాయి ఇంకాస్త అన్నం వడ్డించింది. మేడం వద్దనలేదు.