బెత్తెడు అలుగు

ఆదివారం పొద్దున్నే కనజావా పట్నంలోని ఆ కత్తిసాధన శాలలో శిష్యులకు నేల తుడవడం, ఆపైన కినుయె గారి చేత చీవాట్లు తినడం మామూలే. డెబ్భై దాటిన ఆ గురువమ్మ మోకాళ్ళ మీద నిటారుగా కూర్చుని, ఎవరు కత్తి దూసినా ముక్కు చిట్లించేది.

"అది కత్తా, ముల్లంగా? అలా పీకుతున్నావేం?" అనేది ఒకడితో. "నువ్వు దూసేలోపు శత్రువు టీ తాగి ఇంటికెళ్ళిపోతాడు," అనేది ఇంకొకామెతో.

శాలలోని పాత కత్తి అలుగు దూసేవాళ్ళను బట్టి పొడవు మారేది. కొందరికి మూరెడు వచ్చేది, కొందరికి జానెడు. వచ్చినదానికి లవంగ నూనె రాసి, తుడిచి, మళ్ళీ ఒరలో పెట్టేసేవాళ్ళు.

ఆ ఏడు కినుయె తర్వాత శాల ఎవరిదన్న మాట వచ్చింది. ముందుకొచ్చింది హిబినో ఒక్కడే. స్నానాలగదుల పలకలు అమ్ముకునే మనిషి, బొజ్జ మీద నడుంపట్టీ నిలవదు. అతన్ని చూస్తేనే ఆవిడకి ఒళ్ళుమంట.

పరీక్షగా ఆ పాత కత్తినే దూసి చూపించాలి. హిబినో దానికి వంగి దణ్ణం పెట్టాడు. ఎడమ బొటనవేలితో పిడిని కాస్త ముందుకు నెట్టి, ఒరను వెనక్కి లాగుతూ దూశాడు. బెత్తెడు అలుగు వచ్చింది.

"పళ్ళు కోసుకోవచ్చు," అంది కినుయె.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "పోయినేడాది ఇది కూడా లేదండీ, గురువుగారూ."

"అదొక గొప్పా? ఇలా ఇవ్వు. చూసి నేర్చుకో."

అతను కత్తిని ఒరలో పెట్టి, వాదర తనవైపు తిప్పుకుని రెండు చేతులతో అందించాడు. ఆ కత్తిని ఆవిడ దూసి చాలా ఏళ్ళే అయింది. తప్పులు పట్టడానికి కత్తి అక్కర్లేదు కదా. నడుముకు దోపుకుని, ఒక్క ఊపులో దూసింది.

చెయ్యి తేలిగ్గా వచ్చేసింది. పిడి ఉంది. ఆపైన ఏమీ లేదు.

మళ్ళీ పెట్టి మళ్ళీ దూసింది. అంతే. ఎవరూ నవ్వలేదు. ఇంకొకరికి ఇలా జరిగుంటే ఏమనేదో ఆవిడకు తెలుసు.

కినుయె పిడిని మళ్ళీ ఒరకు చేర్చి లేచి, కొత్తవాళ్ళు కూర్చునే తలుపు పక్క చోటుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"అక్కడెందుకండీ, లేవండి," అన్నాడు హిబినో కంగారుగా.

"నీకు బెత్తెడైనా ఉంది. ఆ నడుంపట్టీ చూస్తే మాత్రం నాకిప్పటికీ అసహ్యమే." నడుముకున్న కత్తిని సర్దుకుంది. తర్వాత నుదురు నేలకానించింది. "ఎక్కడ మొదలుపెట్టమంటారు, గురువుగారూ?"

హిబినో ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఒర మీదున్న ఆవిడ ఎడమ చేతికేసి చూశాడు.

"ఎడమ బొటనవేలి దగ్గరమ్మా," అన్నాడు మెల్లగా. "మరీ బిగించి పట్టారు."

కినుయె తలెత్తి, ఒర పట్టిన ఆ వేలు వదులు చేసింది.