నవ్వులు లేని కాపీ

నేను ఒక సినిమా ప్రొజెక్టర్‌ని. రీళ్ళు తిప్పే పాతకాలపు దాన్ని కాదు, డిజిటల్ దాన్ని. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. నా దగ్గరికి ఏ సినిమా వచ్చినా తాళం వేసుకునే వస్తుంది. ఏ హాల్లో, ఏ రోజు, ఏ ఆటకు ఆడాలో చెప్పే తాళంచెవి విడిగా, వేరే దారిన వస్తుంది. ఆ వేళ దాటితే తెర మీద బొమ్మ పడదు. ఎవరైనా అనుమతి లేకుండా నా మూత తీస్తే అక్కడికక్కడే పని మానేస్తాను. మనుషులు ఒకరినొకరు ఎంత తక్కువ నమ్ముతారో నాకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

చైనాలో ఒక ఫ్యాక్టరీలో తెల్ల కోట్లు తొడుక్కున్న అమ్మాయిలు నా అద్దాలు బిగించారు. సాయంత్రం వాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సంచులు వెతికేవారు. అక్కడి నుంచి ఓడలో చెన్నైకి, లారీలో తెనాలికి వచ్చాను. తెనాలి హాల్లో నా ఆపరేటర్ యేసుపాదం. నెమ్మదస్తుడు. మెత్తటి గుడ్డతో నా అద్దం తుడిచి, ముఖం దగ్గరగా పెట్టి చూసుకుని, మళ్ళీ తుడిచేవాడు. హాలు యజమాని విజయవాడ రాజగోపాలంగారు. ఆయనకు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలా హాళ్ళుండేవి. జనం ఫోన్లలో సినిమాలు చూసుకోవడం మొదలయ్యాక అవి ఒక్కొక్కటే కల్యాణమండపాలైపోయాయి. తెనాలి హాలు వంతు వచ్చిన రోజు నేను ఇక తుక్కు బేరానికే అనుకున్నాను.

రాజగోపాలంగారు అలా అనుకోలేదు. నన్ను చెక్కపెట్టెలో సర్దుతుంటే పక్కన నిలబడి యేసుపాదానికి చెప్పారు:

“ఉగాండా అని ఆఫ్రికాలో దేశం. జనంలో సగానికి పైగా కుర్రకారేనంట. హాళ్ళు చూద్దామంటే నాలుగైదు పెద్ద ఊళ్ళలో తప్ప లేవు. ముందెళ్ళి జెండా పాతినవాడిదే మార్కెట్టు. నువ్వూ వెళ్ళాలిరా.”

“నేనా అయ్యగారూ?”

“మిషనుతో పాటు నమ్మకమైన మనిషి ఉండాలి కదా.”

ఆ మాట వినగానే యేసుపాదం ముఖం వెలిగింది. నాకు మాత్రం ఎందుకో ఆ వెలుగు నచ్చలేదు.

నైలు నది ఒక పెద్ద సరస్సులోంచి బయటికి వచ్చే చోట జింజా అనే ఊరుంది. అక్కడ కొత్తగా కట్టిన షాపింగ్ కాంప్లెక్సు పై అంతస్తులో మా హాలు. నడిపేది రాజగోపాలంగారి మరదలు సుచరిత, అంటే ఆయన తమ్ముడి భార్య. తమ్ముడు దగ్గర్లోని చక్కెర ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ ఊళ్ళో కొన్నేళ్ళుగా ఉండటం వల్ల సుచరితకు అక్కడి లుగాండా భాష బాగా పట్టుబడింది. బజారులో ఎవరు ఏమంటున్నారో ఆమెకు తెలుసు. వ్యాపారం ఎలా చేయాలో మాత్రం విజయవాడ నుంచి ఫోనులో వచ్చేది.

ఆ ఫోను ప్రకారం మెత్తటి కుర్చీలు, చల్లటి ఏసీ, పాప్‌కార్న్, ఇంగ్లీషు సినిమాలు, ఇంగ్లీషులోకి మార్చిన తెలుగు సినిమాలు, సాయంత్రం ఆటలు పెట్టారు. హాలు ఖాళీగా ఉండేది. నా చిన్న కిటికీలోంచి చూస్తే కుర్చీల వీపులే కనిపించేవి.

ఒకరోజు సుచరిత నా గదిలోకి వచ్చింది. ప్రొజెక్టర్ గది తలుపు మందంగా ఉంటుంది, లోపల ఫ్యాను హోరు ఉంటుంది. గుట్టుగా మాట్లాడాలనుకున్న వాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవారు. ఆమె ఫోను స్పీకరులో పెట్టింది.

“బావగారూ, జనం కింద గాజు తలుపు దాకా వస్తున్నారు. చూసి వెనక్కి పోతున్నారు. ఇది తమకోసం కాదనుకుంటున్నారు.”

“టిక్కెట్టు తగ్గించమంటావా?”

“తగ్గించాలి. సాయంత్రం ఆట తీసేసి మధ్యాహ్నం పెట్టాలి. చీకటి పడితే ఇళ్ళకి పోవడానికి బండ్లు దొరకవు వీళ్ళకి. పాప్‌కార్న్ కాదు, వేయించిన మొక్కజొన్న, వేరుశనగలు పెట్టాలి. ఇంకోటి, కిజ్జాని తీసుకురావాలి.”

“వాడెవడమ్మాయ్?”

కిజ్జా ఎవరంటే, బజారు వెనక రేకుల షెడ్డులో సినిమాలు చెప్పేవాడు. అక్కడ చెక్క బెంచీలు, ఒక పాత టీవీ, ఒక మైకు ఉంటాయి. ఏ దేశపు సినిమా వేసినా కిజ్జా దాని గొంతు తగ్గించి, తాను లుగాండాలో కథ చెబుతాడు. నాయకుడికి ఊళ్ళోవాళ్ళ పేరు పెడతాడు. విలన్‌ని జింజా బస్టాండులో నిలబెడతాడు. ప్రేయసి ఏడుస్తుంటే, ‘అమ్మాయీ, వీడు నిన్న నా దగ్గర ఫోను చార్జింగు చేయించుకుని డబ్బులివ్వకుండా పారిపోయాడు, వీడి కోసమా?’ అంటాడు. షెడ్డు పగిలిపోయేలా నవ్వుతారు. మా చల్లటి హాలుకి రాని వాళ్ళు ఆ ఉక్కలో బెంచీకి ఆరుగురు కూర్చునేవారు.

రాజగోపాలంగారు ఒప్పుకున్నారు. ఇంత సులువుగా ఒప్పుకోవడం చూసి సుచరిత కూడా ఆశ్చర్యపోయింది.

కిజ్జా వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి, గొంతు మాత్రం బానలోంచి వచ్చినట్టుంటుంది. తెర పక్కన చిన్న బల్ల వేసి మైకు పెట్టారు. మొదటి మధ్యాహ్నం ఆటకే జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. రాయలసీమ ఫైటు ఒకటి నడుస్తుంటే కిజ్జా దాన్ని నైలు వంతెన మీద చేపల బేరం గొడవగా మార్చేశాడు. వాళ్ళ నవ్వుకి నా గది గోడ అదిరింది. యేసుపాదం కిటికీకి ముఖం ఆనించి, భాష తెలియకపోయినా పడీపడీ నవ్వాడు.

మరుసటి వారం విజయవాడ నుంచి ఒక చిన్న నల్లటి పెట్టె వచ్చింది. సౌండు శుభ్రం చేసేదని యేసుపాదం చెప్పాడు. చెబుతూ సుచరిత ముఖం చూడలేదు. మైకు నుంచి వచ్చే తీగ మీద దాన్ని తగిలించాడు. సౌండు నా పని కాదు కానీ తీగలు నాకు అర్థమవుతాయి. శుభ్రం చేసే పెట్టె అయితే వచ్చిన గొంతుని అలాగే ముందుకి పంపాలి. ఇది కొంత తన దగ్గర ఉంచుకుంటోంది.

కొద్ది రోజులకే మా హాల్లో ఆడుతున్న ఆ ఫైటు సినిమా బజారులో అమ్ముడుపోవడం మొదలైంది. పెన్‌డ్రైవుల్లో, రేకుల షెడ్లలో, కిజ్జా గొంతుతో సహా. మా హాలు మళ్ళీ పలచబడింది. హైదరాబాదులో సినిమా హక్కులున్నవాళ్ళు రాజగోపాలంగారిని నిలదీశారు. ఆయన సుచరితకు ఫోను చేశారు.

“ఇంకెవరమ్మాయ్, వాడే. షెడ్డు మనిషిని నెత్తికెక్కించుకున్నావు. పోలీసు కంప్లయింటు పెట్టు.”

“ఒకసారి అతన్ని అడిగి...”

“అడిగితే ఒప్పుకుంటాడా? ముందు సంతకం పెట్టు. కంపెనీ పరువు.”

ఫోను పెట్టేసి ఆమె లెక్క వేసుకుంది. గొంతు కిజ్జాదేనాయె. షెడ్ల వాళ్ళంతా అతని స్నేహితులే. ఫోనులో ఎవరో తీసి ఉంటారు, అతనికి తెలియకుండా ఉంటుందా? ఆ లెక్కన ఆమె సంతకం పెట్టింది. మధ్యాహ్నం ఆటకు ముందు ఇద్దరు పోలీసులు వచ్చి కిజ్జాని తీసుకెళ్ళారు. వెళ్తూ అతను అరవలేదు. నా కిటికీ వైపు ఒకసారి చూశాడు.

ఆ వారం సుచరిత మనసు కుదురుగా లేదు. ఒక పగలు తలకి గుడ్డ చుట్టుకుని బజారు వెనక షెడ్డుకి వెళ్ళి, బెంచీ మీద ఇరుక్కుని, ఆ దొంగ కాపీ చూసింది. అక్కడి నుంచి నేరుగా నా గదికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

“యేసుపాదం, మొదటి ఆట రోజు ఫైటు సీనులో హాలంతా ఎలా నవ్విందో గుర్తుందా?”

“ఉందమ్మా. గోడలు అదిరిపోయినియ్ కదా.”

“ఆ కాపీలో కిజ్జా గొంతు గంటలా వినిపిస్తోంది. ఒక్క నవ్వు లేదు. ఒక్క దగ్గు కూడా లేదు. హాల్లో కూర్చుని ఎవరైనా తీసుంటే జనం గోల పడకుండా ఎలా ఉంటుంది?”

ఆమె తీగ మీది నల్లపెట్టె చూపించింది.

“ఈ పెట్టె ఏం చేస్తుంది?”

“అమ్మా, నన్నడగమాకండి. అయ్యగారినడగండి. ఆయన గొంతు పట్టి పంపమన్నారు, నేను పంపాను. కిజ్జాని పట్టుకుపోతారని నాకు నిజంగా తెలవదమ్మా.” అతను అక్కడే స్టూలు మీద కూలబడి, నా అద్దం తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

సుచరిత ఫోను చేసింది. రాజగోపాలంగారు బుకాయించలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

“నా దగ్గరున్న బొమ్మకి ఆ గొంతు అతికించి నేనే బజారులోకి వదిలాను. మనిషి లేకుండా గొంతు ఒక్కదానికే అమ్ముడుపోతుందా లేదా అని చూశానమ్మాయ్. బ్రహ్మాండంగా పోయింది. ఇంకో ఆరు ఊళ్ళలో హాళ్ళు పెట్టబోతున్నాం. గొంతు మన దగ్గరుంటే ఊరికో మనిషిని పెట్టుకోవడం దేనికి? వ్యాపారమంటే అదే కదా.”

“మరి అతని మీద కేసెందుకు పెట్టించారు?”

“కాపీ బయటపడ్డాక ఎవరో ఒకరు దొంగ ఉండాలి కదా. హైదరాబాదు వాళ్ళకి నేనేం చెప్పను?”

“నా చేత సంతకం పెట్టించారు బావగారూ.”

“మనింటి మనిషివి. నువ్వు గాక ఎవరు పెడతారు?”

ఆమె ఫోను కట్ చేసింది. నల్లపెట్టెను తీగలోంచి పీకి సంచిలో వేసుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళింది. కంప్లయింటు వెనక్కి తీసుకుంది. అసలు జరిగింది అక్కడ చెప్పింది, హైదరాబాదు వాళ్ళకీ చెప్పింది. ఆ తర్వాత సినిమాలు రావడం ఆగిపోయింది. రాజగోపాలంగారు తమ్ముడితో మాట్లాడటం మానేశారు. ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. కొన్నాళ్ళు ఆమె కళ్ళు వాచి ఉండేవి. హాలుకి తాళం పడింది. యేసుపాదం తెనాలి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా అద్దం తుడిచాడు కానీ ఈసారి ముఖం దగ్గరగా పెట్టి చూసుకోలేదు.

కిజ్జా తన మైకు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు సుచరిత ఉంది.

“నన్ను క్షమించు కిజ్జా.”

“సంతకం మీరే పెట్టారు, న్యాబో.” న్యాబో అంటే వాళ్ళ భాషలో అమ్మగారూ అని.

“నేనే పెట్టాను.”

“నన్నొక మాట అడగలేదు.”

“అడగలేదు.”

అతను మైకు తీగ చుట్టుకున్నాడు. “అక్కడ లోపల కూర్చుంటే నాకేం అనిపించిందో తెలుసా? నా గొంతు నేను లేకుండానే బజారులో తిరుగుతోంది. జనం దానికి నవ్వుతున్నారు. నేను చచ్చిపోయినా వాళ్ళకి తెలియదు.” అలా అని వెళ్ళిపోయాడు.

వానలు వచ్చి వెళ్ళాయి. నా మీద దుమ్ము పేరుకుంది. తర్వాత ఒక పగలు తాళం తీసిన చప్పుడైంది. సుచరిత తన పేరు మీదే, నాతో సహా, హాలు అద్దెకు తీసుకుంది. ఈసారి ఉగాండావాళ్ళు తీసిన సినిమాలు, నేరుగా నిర్మాతల దగ్గర కొన్న తెలుగు సినిమాలు, అన్నీ మధ్యాహ్నం ఆటలే. కిజ్జాని జీతగాడిగా కాదు, భాగస్వామిగా పిలిచింది. అతను ఒక్క షరతు పెట్టాడు: ప్రొజెక్టర్ గదిలో తన మనిషి కూర్చోవాలి.

ఆ మనిషి అతని అక్క నకాటో. లావుపాటి మనిషి, కోపిష్టి. రోజూ ఆట మొదలుకాకముందే వచ్చి, నా వెనక తీగలన్నీ చేత్తో తడిమి చూసి, కుర్చీ వేసుకుని, వేరుశనగలు ఒలుచుకుంటూ నన్నే చూసేది. బొమ్మ వైపు చూసేది కాదు. ఆమె చూపు కింద పనిచేయడం కష్టంగా ఉండేది. సుచరిత ఆమెకు టీ పంపితే మొదట్లో తాగేది కాదు. తర్వాత తాగేది, కప్పు వాసన చూశాక.

హాలు నిండింది. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. నా దీపం మసకబారడంతో కొత్త యంత్రం కొన్నారు. నన్ను మెట్ల కింద విరిగిన కుర్చీల పక్కకు చేర్చారు. నాకు ఫిర్యాదేమీ లేదు. పైన జనం నవ్వితే మెట్లు కదిలి దుమ్ము రాలుతుంది.

మొన్న మధ్యాహ్నం ఆట అయ్యాక సుచరిత, కిజ్జా ఆ మెట్ల మీదే కూర్చుని టీ తాగారు. ఎంబాలే అనే ఊళ్ళో రెండో హాలు పెట్టే సంగతి మాట్లాడుకుంటున్నారు. అక్కడ కథ చెప్పడానికి ఒక స్కూలు టీచరమ్మ దొరికిందని కిజ్జా చెప్పాడు. కుర్చీలు ఎక్కడ చేయించాలి, జనరేటరు ఎవరిది మంచిది, అన్నీ తేల్చుకున్నారు.

“అక్కడ ప్రొజెక్టర్ గదిలో ఎవరు కూర్చుంటారు?” అడిగాడు కిజ్జా.

“నీ మనిషి ఒకరు, నా మనిషి ఒకరు.”

“బాగుంది. మరి ఆ ఇద్దరూ కలిసిపోతే?”

ఇద్దరూ పకపకా నవ్వారు. నవ్వు ఆగాక టీ కప్పులు పక్కన పెట్టి, ఆ సంగతి నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టారు.